గడ్డి తగలబడిన రోజు

లక్ష్మీ,

ఈ గడ్డిలో పాము కరిచి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఊరు కర్ఖేలి వదిలి ఈ బంజరు దున్నుకోవడానికి వచ్చిన రోజున, నిలువెత్తు గడ్డిని చూసి నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. నీ భయం నాకు నిన్న తెలిసింది.

నిన్న మధ్యాహ్నం మాహూర్ కొండల వైపు గడ్డి అంటుకుంది. గాలి మన గుడిసె వైపే వీస్తోంది. పిల్లను ఎత్తుకొని వాగుకు పరిగెత్తబోతే మీ అమ్మ అడ్డం నిలబడింది.

"వాగు దాక పోలేం. గుడిసె ఎనక గడ్డికి మనమే అగ్గి పెడదాం. అది కాలినంక ఆ జాగల నిలవడితే మల్ల అంటుకోదు."

"గుడిసె పోతది అత్తా!"

"పోనీ. పిల్ల బతకాలె."

నేను రెండు అగ్గిపుల్లలు విరిచాను. మూడోది ఆమే గీసింది. కాలిన నేల మీద ఎడ్లను పట్టుకొని, తడిపిన గొంగళ్ల కింద ముడుచుకున్నాం. పిల్ల నా మెడను గట్టిగా పట్టుకుంది. పెద్ద మంట గుడిసెను మింగి, మా రెండు పక్కల నుంచీ వెళ్లిపోయింది.

పొద్దున చూస్తే వాగు దాకా గడ్డి లేదు. నీ మీద పేర్చిన రాళ్లు కనబడ్డాయి.

"నాయినా, అమ్మ గింత దగ్గరనే ఉన్నదా?" అంది పిల్ల.

పాములకు భయపడి ఏడాదిగా దాన్ని నీ దగ్గరికి తీసుకురాలేదు. వానలు పడితే గడ్డి మళ్లీ లేస్తుంది. ఆలోపే అక్కడిదాకా నాగలి తోలాలి.