ఎస్కలేటర్‌పై ఎడమ పక్క నిలబడు హక్కు

నగర భూగర్భ రైలు స్టేషన్ల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
ఒసాకా నగర వాస్తవ్యుడు కురొయివా తమోత్సు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పేట స్టేషన్ ఎస్కలేటర్‌పై నా భార్య ఎడమ పక్క నిలబడుటకు ఏర్పాటు, లేనిచో ఆమెకు కొత్త కుడిచెయ్యి మంజూరు చేయుట గురించి.

1. నా భార్య ఫుమీయెకు నిరుడు పక్షవాతము వచ్చి కుడిచెయ్యి పడిపోయినది. ఎడమచేత్తో ఎడమ రెయిలింగ్ పట్టుకొనిన గాని నిలువలేదు. మన నగరమున నిలబడువారు కుడి పక్క, పరుగెత్తువారు ఎడమ పక్క; టోక్యోలో దీనికి తలక్రిందులు. ఈ కట్టుబాటును ఏ ప్రభుత్వమూ శాసించలేదు. అందుచేతనే కాబోలు, అందరూ పాటిస్తున్నారు.

2. "నడవరాదు, రెండు పక్కలా నిలబడుడు" అని తమ కార్యాలయమే గోడకు అంటించినది. గత నెల ఆ ప్రకటన కిందనే ఒక పెద్దమనిషి, "ఏమ్మా, దారికడ్డం! టోక్యో నుంచి ఊడిపడ్డావా?" అని ఆమెను భుజముతో నెట్టి పోయినాడు. ఆమె మోకాళ్ళ మీద పడినది. పడి, "నెట్టితే నెట్టాడు, నన్ను పట్టుకుని టోక్యోదాన్నంటాడా చచ్చినోడు!" అన్నది. నెత్తురు తుడిచినది నేను.

3. స్టేషన్ అధికారి నడుము వంచి క్షమాపణ చెప్పి, ఇట్లు సలహా ఇచ్చినారు: "అమ్మగారు వెనక్కి తిరిగి నిలబడితే ఎడమచెయ్యి కుడిపక్కకే వస్తుంది కదండీ."

అయ్యా, వెనక్కి పోవుటకు నా భార్య రొయ్య కాదు.

లిఫ్టు సంగతి అడుగగా, "ఉందండీ, రోడ్డుకి అవతల" అన్నారు. రోడ్డు దాటుటకు ఉన్నది మెట్ల వంతెన. మరల నడుము వంచినారు.

4. నాటి నుండి ఆమె చేతి సాధనకై రైలెక్కి ఆస్పత్రికి పోవుట మానినది. ఇప్పుడు సాధన మానితే ఆ వేళ్ళు ఇక ఎన్నటికీ కదలవని వైద్యుడు చెప్పినాడు. "పోనీలే, ఒక చెయ్యి చాలదా" అంటున్నది. చాలదు. చాలదయ్యా! ఆ చేత్తో పెనం మీద క్యాబేజీ అట్లు తిరగేసి ఈ పేటకంతటికీ పెట్టిన మనిషి ఆమె. నెట్టినవాడూ తినే ఉంటాడు.

కావున గోడకు ఇంకొక ప్రకటన అంటించక, ఉదయము పూట తమ ఉద్యోగి నొకనిని ఎడమ మెట్టుపై కదలక నిలబెట్టవలెనని ప్రార్థన. దీనిని తమరు కూర్చొని కాక, నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఎస్కలేటర్ మొదలు వరకు మాత్రమే),
కురొయివా తమోత్సు

తా.క.: ఇది చదివి మా ఆవిడ, "వాళ్ళు మనిషిని పెట్టేదాకా నా వేళ్ళు ఆగుతాయా? నా బూట్లు ఇటు పెట్టు" అంది. సోమవారం పొద్దున ఆమె ఎడమ పక్క నిలబడుతుంది. వెనక మెట్టు మీద నేనుంటాను. తమరూ ఆఫీసుకు ఆ దారినే వస్తారట. తొందరుంటే కాస్త ముందు బయల్దేరండి.