డాబా మీద వెలిసిపోయిన మందారాలు

అమ్మా, పార్సిల్ అందింది. నేను కులాసాగానే ఉన్నాను, ఒళ్లు మండుతోంది అంతే.

మందారాలు నీడలో ఆరబెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? "బూజు పడుతుందని నాలుగు రోజులు డాబా మీద ఎండబెట్టాను" అని పైగా చీటీ కూడానా! ఒక్క రేకుకైనా ఎరుపు మిగల్లేదు. ఆ ఎరుపు గాజుపలకకు పట్టిస్తేనే మాకు ఎండ నుంచి కరెంటు వచ్చేది. అది ఇంకాస్త పెరగాలని, కంటికి ఆనని వెండి నలుసులు కలుపుతూ రెండేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను.

మా ల్యాబు మేడమ్ ముందు నీ మీద చిందులు తొక్కాను. ఆవిడ ఒక రేకు తీసి చూసి, "మన పలకలు ఉండాల్సిందీ డాబా మీదే కదమ్మా?" అన్నారు. ఇన్నాళ్లూ గదిలో దీపం కింద గంటసేపు పెట్టి, కరెంటు పెరిగిందని చంకలు గుద్దుకున్నాం. ఎండలో ఆ రంగు నాలుగు రోజులైనా నిలుస్తుందా అని ఒక్కరమూ చూడలేదు.

నాన్న కళ్లజోడు మార్పించావా? మోకాలికి మందు రాసుకుంటున్నావా, దాచిపెట్టావా?

ఈసారి సగం నీడలో పెట్టు, సగం నీ ఇష్టప్రకారం డాబా మీదే ఎండబెట్టు. ఏ రోజుకి ఎంత ఎరుపు పోయిందో మాత్రం రాసిపెట్టు. మేడమ్ అడుగుతున్నారు.

నాన్నకు నమస్కారాలు. నీకు రెండు, పళ్లు కొరుకుతూనే.

నీ కూతురు