అహరోను పేరుతో అచ్చయిన వ్యాసం

ఫిజీలో, సువాలో ఉన్న కెరెన్ అక్కకి,

తమ్ముడు ఎలీజా వందనాలు. అమ్మా నేనూ క్షేమం, కనీసం ఈ వాక్యం ముగిసేవరకూ. ముందుగా, నీ పెళ్ళిలో కేకు కిందపడటం మొదలు ఈ దేశంలో సైన్యం గద్దెనెక్కడం దాకా జరిగిన సమస్త అపరాధాలకూ మోకరించి క్షమాపణ వేడుకుంటున్నాను. వాటిలో ఏ ఒక్కటీ నేను చేయలేదు.

ఫోన్ ఎందుకు ఎత్తవని ఉత్తరంలో అడిగావు. మాకు నెట్టు కోసేశారు. ఈ ఉత్తరం సేక్కాన్ రేవులో ఓడెక్కే బాబూరావు జేబులో వస్తోంది. అమ్మకి బీపీ మాత్రలు దొరుకుతున్నాయి. వీధిలో బూట్ల చప్పుడైన రోజు మాత్రం అవి పనిచెయ్యవు.

ఫిజీ సంగతులు అమ్మకి చదివి వినిపించాను. ఇంట్లో ఒకరు ఫిజియన్, ఒకరు హిందీ మాట్లాడే పిల్లలు నీ క్లాసులో ఇంగ్లీషులోనే దెబ్బలాడుకుంటారనీ, కోర్టూ పేపరూ అన్నీ అందులోనేననీ రాశావు కదా. "అయితే ఆళ్ల అమ్మలకి ఆ పేపర్లో ఏటి రాసినారో తెలీదేటి?" అంది అమ్మ. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి గబగబా తర్వాతి పేజీ తిప్పేశాను.

నెట్టు కోసేయకముందు నేను మెయిల్లో పంపిన వ్యాసం, సైన్యాన్ని ఏకిపారేసిన మన పక్కింటి అహరోను వ్యాసం, మీ పేపర్లో వేయించావు. సమోవా, టోంగా దాకా చదివారని మురిసిపోయావు. ఇక్కడా చదివారక్కా. నెట్టు మాకే లేదు, వాళ్ళకుంది.

మింగళాడోన్ సైనిక స్థావరం వైపు నుంచి సిపాయిలు లారీలో వచ్చారు. మన పక్కింటి గుమ్మంలో నిలబడి, పెద్దవాళ్ళ పేరుకి ముందు తగిలించే 'ఊ'తో సహా మర్యాదగా "ఊ జోనాథన్" అని పిలిచి మరీ, "నీ కొడుకు అహరోను ఎక్కడ?" అని అడిగారు.

"లైంగ్‌థార్యార్‌లో, కుట్టు ఫ్యాక్టరీ ముందు మీరే కాల్చి చంపారు. రండి, సమాధి చూపిస్తాను" అన్నాడు జోనాథన్ మావయ్య.

అవును, అహరోను లేడు. నీకు చెప్పలేదు. కొడుకు దొరక్కపోతే తండ్రిని పట్టుకెళ్ళడం వాళ్ళ పద్ధతి. కొడుకు సమాధిలో దొరికినా అదే పద్ధతి. మావయ్య ఎక్కడున్నాడో, అసలున్నాడో ఎవరూ చెప్పడం లేదు.

మావయ్యని తీసుకెళ్ళాక రత్నం అత్త మనింటికొచ్చి కూర్చుంది. "మావోడు బతికుండగా నాలుగు ఇంగిలీసు ముక్కలు రావు. సచ్చిపోయినాక ఎప్పుడు నేర్సుకున్నాడు బాబూ? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు."

ఎప్పటిలా ఏదో వేళాకోళం ఆడదామని నోరు తెరిచాను. మూసేసి, అత్తకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

రేపు అమ్మని మిరియం పిన్ని ఇంట్లో దింపేస్తాను. కాబట్టి అమ్మకేమవుతుందోనని నువ్వు ఆలోచించకు. ఈ ముక్కలు ఇంగ్లీషులోకి మార్చి, ఈసారి కింద నా పేరే పెట్టి, అదే పేపర్లో వేయించు:

"ఆ వ్యాసం రాసింది నేను. అప్పటికే అహరోను చనిపోయాడు. చనిపోయినవాణ్ణి ఎవరూ అరెస్టు చెయ్యలేరు కదా అని కింద వాడి పేరు పెట్టాను. వాళ్ళ నాన్నకి ఏ పాపమూ తెలియదు."

ఇట్లు,
నీ తమ్ముడు
ఎలీజా