ఐదున్నర గంటల తేడా

ఆగస్టు 2005, శనివారం రాత్రి

చెల్లె భద్రాచలం దవాఖానాలో నిద్రపోతోంది, పక్కనే బిడ్డ. నేను వరండా బెంచీ మీద కూర్చొని ఇది రాస్తున్నాను.

వరద సాయానికి రావాల్సిన హెలికాప్టర్ కోసం నిన్న రాత్రే మా మండలాఫీసుకు వాతావరణం ఫ్యాక్స్ వచ్చింది. అన్నీ కోడ్లే. ‘ఎఫ్ఎం 0330’లో ఎఫ్ఎం అంటే ‘ఫ్రమ్’, తెల్లవారుజామున మూడున్నర నుంచి వాన తెరిపి ఇస్తుందని నేనే అర్థం తీశాను. పొద్దున ఆరైనా వాన దంచుతూనే ఉంది. వాగు అవతలి ఊళ్లో చెల్లెకు నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది. ఇక హెలికాప్టర్ రాదని, వరదలోకి నాటు పడవ పంపడానికి లేచాను.

ఎయిర్‌ఫోర్సులో పనిచేసి వచ్చి మా ఆఫీసులో చేరిన యాదగిరన్న నా చెయ్యి పట్టి ఆపాడు. “ఆగు తమ్మీ. గది మన టైం కాదు, విమానాలోళ్లు వాడే గ్రీనిచ్ టైం. ఐదున్నర గంటలు కలుపు.”

అంటే తొమ్మిది. నమ్మకం లేకపోయినా కూర్చున్నాను. తొమ్మిది దాటాక మబ్బు విచ్చింది, హెలికాప్టర్ చెల్లెను దవాఖానాకు తెచ్చింది. ఆ పడవ గనక పంపి ఉంటే...

సాయంత్రం యాదగిరన్న బిడ్డను చూడ్డానికి వచ్చాడు. సంగతంతా విన్న చెల్లె, “మరి జాతకంల ఏ టైం రాయాలె అన్నా?” అంది.

“మన టైమే రాయుర్రి. బిడ్డ మన టైంకే వచ్చింది గదా,” అన్నాడు.