చివరి రంధ్రం

నా చిట్టి పిడుగుకి,

నీ ఉత్తరం అందింది. "నాయనమ్మా, తాతయ్య సగంలో వదిలేసిన క్లారినెట్ నాకివ్వు, నేను పూర్తి చేస్తాను" అని మర్యాదగా అడిగావు. నేనూ మర్యాదగానే చెబుతున్నాను, ఇవ్వను. నీకు పనితనం లేదని కాదు. ఆయన చేతికింద నేర్చుకున్నదానివి, ఆయన తిట్లన్నీ తిని అరిగించుకున్నది మన ఇంట్లో నువ్వొక్కదానివే.

కారణం చెబితే నవ్వుతావు. నవ్వుకో. ఒక్కో రంధ్రానికీ లోపలి అంచు గీరి శ్రుతి సరిచేస్తూ వచ్చి, చివరిదాని దగ్గర ఆయన పోయారు. గీరేకొద్దీ స్వరం పైకెళుతుందిగా, ఆ ఒక్క స్వరం ఇంకా శ్రుతికి కాస్త కిందే పలుకుతుంది. రోజూ మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళకి పక్కగదిలో, ఆయన పనిబల్ల దగ్గర, గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడుకి నిద్రపట్టక చచ్చేదాన్ని. ఇప్పుడది లేకపోతే పట్టడం లేదు. నువ్వు పూర్తి చేసేస్తే ఆయనకిక వచ్చే పనేముంది, చెప్పు?

నీ మొండి నాయనమ్మ


పిడుగూ,

నిన్న ఆ క్లారినెట్ తీసి, ఉన్న నాలుగు పళ్ళతో ఊదాను. చివరి స్వరం శ్రుతి దాటి పైకి పోయింది! రంధ్రాన్ని అవసరానికి మించి గీరేశారెవరో. "ఇంకొక్కసారి గీరితే బాగుంటుంది అనిపించిందా, అక్కడే ఆపెయ్యి. తీసిన చెక్క తిరిగొస్తుందటే?" అని నీ చెవి మెలిపెట్టిన మనిషి, పోయాక మాత్రం ఆ తప్పు చేస్తారా? మరి వస్తున్నదెవరు?

అప్పుడు చూసుకున్నాను. నా గోళ్ళ సందుల్లో నల్లటి చెక్కపొడి, చీర కుచ్చిళ్ళలో కూడా. నిద్రలో లేచి వెళ్ళి గీరుతున్నది నేనేనే. ఆయన చప్పుడు వినాలన్న యావలో ఆయన చేసిన వస్తువునే పాడుచేశాను.

వెంటనే రా. ఎక్కువ గీరిన చోట మైనం పూసి శ్రుతి దించవచ్చని ఆయనే అనేవారుగా. పూర్తి చేసి నీ ముద్ర వేసుకో. ఇక ఆయన్ని వెళ్ళనిద్దాం.

ఒక్క మాట. ఇప్పుడూ మధ్యాహ్నమే. నేను మెలకువగానే ఉన్నాను. రెండు చేతులూ ఈ కాగితం మీదే ఉన్నాయి, గీరే పనిముట్టు నా ఒళ్ళో ఉంది. అయినా పక్కగదిలో చప్పుడవుతోంది. నాలా ఎడాపెడా కాదు. మెల్లగా, ఆగి ఆగి.

తొందరగా రావే.

నాయనమ్మ