పుష్పలత దరఖాస్తు

నవంబర్ 18
ఇవాళ మా కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరికి ఫస్టియర్ అమ్మాయి ఒకతె వచ్చింది. కుంజా పుష్పలత. దుమ్ముగూడెం అవతల అడవిలో ఊరు. ఆ ఊరి నుంచి డిగ్రీలో చేరిన మొదటి ఆడపిల్ల తనేనట. స్కాలర్‌షిప్ ఫారం ఊరికి దగ్గర్లో నెట్ సెంటర్‌లో నింపించానంది. అది మంజూరైతేనే ఆమెకు చదువు. అన్నీ మంచిగున్నయా మేడం, ఒక్కసారి చూడరాదు అని అడిగింది. వెనక ఇరవై మంది లైన్లో ఉన్నారు. ఉంటాయిలే అన్నాను.

డిసెంబర్ 9
రిటర్న్ లిస్టు వచ్చింది. తప్పులున్నాయని వెనక్కి వచ్చిన దరఖాస్తులు, నలభై ఒకటి. పుష్పలతది కూడా ఉంది. టెన్త్ మెమోలో కుంజా పుష్పలత, ఆధార్‌లో కుంజ పుష్ప. ఈ నెలాఖరులోగా సరిచేయించి మళ్లీ పంపాలి. నోటీసు బోర్డు మీద పెట్టడం నా పని. ఎల్లుండి ఇన్‌స్పెక్షన్, ప్రిన్సిపాల్ గారు ఊపిరి తీసుకోనివ్వడం లేదు. పిల్లల ఫోన్లకు మెసేజ్ ఎలాగూ పోతుంది కదా అని లిస్టు డ్రాయర్లో పడేశాను.

డిసెంబర్ 20
పుష్పలత మళ్లీ వచ్చింది. ఈ వారంలో మూడోసారి. నాదేమన్న వచ్చిందా మేడం అంది. తలెత్తకుండానే ఇంకా రాలేదన్నాను.

జనవరి 2
గడువు మొన్నటితో అయిపోయింది. లిస్టు ఇవాళ గుర్తొచ్చింది.

జనవరి 6
సిస్టమ్‌లో చూశాను. నలభై మంది మెసేజ్ చూసుకుని సరిచేసుకున్నారు. మిగిలింది పుష్పలత ఒక్కతే. దరఖాస్తులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే నెట్ సెంటర్ అతను ఎత్తాడు. ఆ పిల్లకు ఫోను లేదు, నా నంబరే కొట్టిన, దినాం వంద మెసేజ్‌లొస్తయి, ఏది ఎవరిదని చూడాలె అన్నాడు.

ప్రిన్సిపాల్ వెంకటరామారావు గారికి చెప్పాను. మెసేజ్ పోయింది కదమ్మా, మన తప్పేముంది అన్నారు. లిస్టు సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ క్షణం ప్రాణం తెరిపిన పడ్డట్టయింది.

జనవరి 20
పుష్పలత నాన్న జంపయ్య వచ్చాడు. తెల్లవారుజామున బయల్దేరి, రెండు బస్సులు మారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. స్కాలర్‌షిప్ ఇక రాదని, ఫీజు చేత్తో కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరని ప్రిన్సిపాల్ చెప్పారు. జంపయ్య గొడవ చేస్తాడనుకున్నాను. నా బిడ్డ ఏడ తప్పు చేసిందో చెప్పుండ్రి సారు, ఇంకోపారి చెయ్యకుండ చెప్పుకుంట అన్నాడు. మెసేజ్ చూసుకోలేదు, అదీ తప్పు అన్నారు ప్రిన్సిపాల్.

జంపయ్య పక్కనే ఉన్న కూతురి వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. అవ్ నాయినా, నాదే తప్పు అంది.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఫైలు చూస్తున్నట్టు నటించాను.

ఫిబ్రవరి 3
హాస్టల్లో ఆమె మంచం ఖాళీ.

ఫిబ్రవరి 22, ఆదివారం
ఇంట్లో భద్రాచలం దర్శనానికని చెప్పి పుష్పలత వాళ్ల ఊరు వెళ్లాను. తల్లి ముత్తక్క ఒక్కతే ఉంది. ఇప్పపూల గురించీ, ఎండల గురించీ చెప్పింది. బిడ్డ గురించి అడిగితే, దానికి సదువు తలకెక్కలేదంట, అదే చెప్పింది, పినపాక దిక్కు మిరపకాయ ఏరను పోయింది అంది. ముత్తక్క ఇచ్చిన నీళ్లు తాగి వచ్చేశాను.

మార్చి 1, ఆదివారం
పినపాక. మధ్యాహ్నం దాకా వెతికితే చేను దొరికింది. పుష్పలత తలకు తువ్వాలు చుట్టుకుంది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

చెప్పేశాను. లిస్టు డిసెంబర్ తొమ్మిదినే వచ్చిందని, నా డ్రాయర్లోనే ఉందని, నువ్వు అడిగిన రోజు కూడా అక్కడే ఉందని. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అన్ని దినాలు మీ కిటికీ కాడనే నిలబడ్డ కద మేడం అంది.

అంతే. కూలీల మేస్త్రీ పిలిస్తే వెళ్లి మళ్లీ సాలులో వంగింది.

మార్చి 3
జరిగింది జరిగినట్టు రాసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టాను. నా నిర్లక్ష్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. ఆమె ఫీజు నా జీతంలో కోసుకోమని, పరీక్ష రాయనివ్వమని అడిగాను. చివరికి ఒప్పుకుని సంతకం పెట్టారు. రాత్రి ఇంట్లో మా ఆయనకు చెప్పాను. అదే మన పాపదైతే డ్రాయర్లో పెట్టేదానివా అన్నారు.

ఏప్రిల్ 10
మేస్త్రీ ఫోన్లో ఆమెతో మాట్లాడాను. హాల్ టికెట్ వస్తుంది, పుస్తకాలు నేనిస్తాను, మా ఇంట్లోనే ఉండొచ్చు అన్నాను. వచ్చే ఏడు మళ్ల ఫారం నింపాలె కద మేడం అంది. నేను దగ్గరుండి నింపుతానన్నాను. లైన్లో గాలి చప్పుడు. చూస్తా మేడం అంది.

మే 12
మొదటి పరీక్ష. లెక్చరర్లు చాలక ఆమె హాల్లో నాకే ఇన్విజిలేషన్ పడింది. అరగంట దాటినా గేటు వేయొద్దని వాచ్‌మన్ సీతయ్యను బతిమాలాను. అందరి పేపర్లూ తీసుకునేదాకా హాజరు పట్టీలో పుష్పలత గడి ఖాళీగానే ఉంచాను.

తర్వాత ఎర్ర పెన్నుతో ఆబ్సెంట్ అని రాశాను.