నా వ్యాసానికి వచ్చిన సైటేషన్

గౌరవనీయులైన సార్‌కి,

మందమర్రి నుంచి నమస్కారాలు. మన నేరశాస్త్ర విభాగం నివేదిక కోసం, నా వ్యాసాన్ని ఎవరెవరు ఉదహరించారో తెలపమన్నారు. గని యార్డులో బొగ్గు ఏరుకునే ఆడవాళ్ల మీద రాసిన ఆ వ్యాసానికి ఇప్పటికి ఒకే సైటేషన్ వచ్చింది. యార్డు కాపలా అధికారి తన నివేదికలో పేజీ నంబరుతో సహా ఉదహరించారు. ఆ పేజీలో నేను వర్ణించిన కంచె సందుకు వెంటనే గోడ కట్టించారు. కాబట్టి ప్రభావం ఉన్నట్టే రాసుకోవచ్చు.

ఆ సందులోంచి వెళ్లేవాళ్లలో మా అవ్వ ఒకరు. మా ఇంట్లో ఇప్పటికీ బొగ్గు పొయ్యే. వ్యాసంలో పేర్లన్నీ మార్చాను, దారి మార్చాలని తోచలేదు.

అవ్వ నన్ను తిట్టలేదు. "మా బిడ్డ రాసింది సదివి సార్లు గోడనే కట్టిండ్రు" అని వాడకట్టంతా చెప్పుకుంటోంది. పక్కింటి శ్యామల చిన్నమ్మ మాత్రం నన్ను ఆపి అడిగింది. "ఇంకో తొవ్వ దొరికింది గదనే. గది గూడ రాస్తవా ఏంది?"

అప్పటికే రాసేశాను సార్. మీ దగ్గరున్న రెండో వ్యాసంలో నాలుగో పేజీ అదే. దయచేసి ఆ పేజీ తీసేసి పత్రికకు పంపండి. అది లేకపోతే వ్యాసంలో కొత్త సంగతేమీ లేదని తిప్పి పంపుతారని, నా ఫెలోషిప్ పొడిగించరని తెలుసు.

ఒకవేళ అచ్చువేస్తే, ఈసారి ఎవరూ ఉదహరించకుండా ఉంటే చాలు.

మీ విద్యార్థిని